మహారాజశ్రీ బిలీగర్ గారికి

మహారాజశ్రీ ఇంగ్లిషు క్రియాపదం బిలీగర్ (beleaguer) గారికి, న్యూస్ డెస్కులో అనువాదాలు చేసుకునే ఒకడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టేవాణ్ణే. మీరున్నచోట కుశలం ఉండదని గుర్తొచ్చి ఆగాను.

మొన్న రాత్రి అనువాదానికి ఒక వార్త కాపీ వచ్చింది. ఏదో కంపెనీ సీఈవో రాజీనామా. ఆయన పేరుకి ముందు మీరు, తోకకి ‘డ్’ తగిలించుకుని బిలీగర్డ్ వేషంలో. డిక్షనరీలో మీ అర్థం ముట్టడించడం అని ఉంది. నమ్మి, ‘ముట్టడిలో ఉన్న సీఈవో’ అని కొట్టాను. మా ఎడిటర్ గారు కళ్ళజోడు పైకి నెట్టుకుని, “ఎవరయ్యా ముట్టడించింది? ఫొటో ఉందా?” అన్నారు. ఫొటో ఎక్కణ్ణుంచి తేను? చివరికి ‘చిక్కుల్లో పడ్డ’ అని దిద్ది పంపాం.

ఒకప్పుడు మీరు ఇలా లేరు. 16వ శతాబ్దం చివర్లో డచ్చి భాషనుంచి ఇంగ్లిషులోకి దిగారు. ‘లెగెర్’ అంటే సైనిక శిబిరం, ముందున్న ‘బె’ అంటే చుట్టూ. కోట చుట్టూ గుడారాలు వేసి, గింజ లోపలికి పోకుండా కాపలా కాయడం మీ వృత్తి. మీ పుట్టింటివాళ్ళకి ఆ బాధ బాగా తెలుసు. వాళ్ళ లైడెన్ నగరాన్ని స్పెయిన్ సేన దిగ్బంధిస్తే, 1574లో గట్లు తెంచి, పొలాల మీదికి నీళ్ళు వదిలి, పడవల మీద వచ్చి విడిపించుకున్నారు. లాగర్ బీరు కూడా మీకు దూరపు చుట్టమే. లీగ్, కొలీగ్ మాత్రం స్పెల్లింగులో పోలికే తప్ప ఏమీ కారు, వాళ్ళది లాటిన్ వంశం. ఆ స్పెల్లింగు సంగతి ఎత్తకపోవడమే మేలు. జీ పక్కన నోరు మెదపని యూ ఎందుకో!

అదే అర్థమున్న మీ సాటి బిసీజ్ (besiege) ఇప్పటికీ నిజమైన యుద్ధాలకి వెళ్తోంది. (బండి సీజ్ చేశారు అనేప్పటి సీజ్ వేరు, తెలుగులో రాస్తే రెండూ ఒకటే, అదో తలనొప్పి.) మీరు మాత్రం ఆఫీసుల్లో చేరి, పెద్దవాళ్ళ పేర్లకి ముందు కూర్చుంటున్నారు. అప్పులు చేసింది ఆయనే. లెక్కలు దాచింది ఆయనే. మీరు పక్కన నిలబడగానే, పాపం, శత్రువులు చుట్టుముట్టిన రాజులా కనిపిస్తాడు. ఆ శత్రువులెవరో మీరు చెప్పరు, చెప్పే అవసరమే లేకుండా ఆ ‘డ్’ చూసుకుంటుంది. అదే కంపెనీలో ఉద్యోగాలు పోయినవాళ్ళ పక్కన మీరు నిలబడగా, నేను దిద్దిన కాపీల్లో ఒక్కసారీ చూళ్ళేదు.

ఇప్పుడే ఇంకో కాపీ పడింది. బిలీగర్డ్ కోచ్‌ట, వరసగా ఆరు మ్యాచ్‌లు పోగొట్టాడు. ఎడిటర్ గారు అప్పుడే కళ్ళజోడు సర్దుకుంటున్నారు. ఈయన్ని ముట్టడించిందెవరో తిరుగుటపాలో తెలియజేయ ప్రార్థన.