దే అంటే మా వారు

ముప్పయ్యేళ్లు బడిలో ఇంగ్లీషు వ్యాకరణం చెప్పి రిటైరైన వాడి చేతిలో ఎర్ర పెన్ను ఊరికే ఉండదు. డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్లబోతున్న పక్కింటి ఇల్లాలు, ఇంగ్లీషు సంభాషణలు రాసుకున్న నోటుపుస్తకం తెచ్చి “కాస్త దిద్దిపెట్టండి మాస్టారూ” అనగానే, దేశసేవకు పిలుపు వచ్చినట్టు కళ్లజోడు తుడుచుకున్నాను.

మొదటి సంభాషణ వీసా అధికారితో. మీ భర్త ఏం చేస్తారని ఆయన ప్రశ్న. రైల్వేలో చేసి రిటైరయ్యారని ఈవిడ జవాబు. భర్తకు వాడిన సర్వనామం ‘దే’. కింద గీత గీసి ‘ఎంతమంది?’ అని రాశాను.

“ఒక్కరేనండీ. కానీ ‘హి’ అంటే వాడు అన్నట్టు లేదూ?” అందావిడ.

ఒక్క మనిషికి బహువచనం మహాపరాధమని పావుగంట ఉపన్యసించాను. అమెరికాలోని మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు వారు, ఆడా మగా అన్న గీతలో ఇమడని ఒక్క మనిషిని కూడా ‘దే’ అనవచ్చని ఒప్పుకుని, 2019లో ఆ మాటనే ఆ ఏటి మేటి పదంగా ప్రకటించిన సంగతి మాత్రం చెప్పలేదు. గురువన్నవాడు కొన్ని దాచుకోవాలి.

తరువాత ‘వి’ దగ్గర తగువు. అది మేమా, మనమా అని అడిగింది. రెండూనమ్మా అన్నాను. “మనం అనుకుంటే ఆ అధికారి కూడా పెట్టె సర్దుకోడూ?” నా దగ్గర జవాబు లేదు కనుక పేజీ తిప్పాను.

అసలు ఘోరం అక్కడుంది. కోడలు వచ్చింది, కోడలు వండింది అని రాసిన ప్రతి చోటా ‘ఇట్’. అత్తాకోడళ్ల మధ్య ఏదో ఉందని మొదట అనుమానించాను. తీరా చూస్తే పాపం తెలుగు క్రియది. కోడలైనా గేదె అయినా మనకు ‘వచ్చింది’ ఒక్కటే కదా. అన్నీ ‘షి’గా మార్చాను. ఇక కొడుకు ఇంట్లో కుక్క ఒకటి ఉంది. మగది, దాన్ని ‘ఇట్’ అంటే ఇక్కడి వాళ్లు నొచ్చుకుంటారని అతను ఫోనులో మరీ మరీ చెప్పాడట. పుస్తకం మొత్తంలో ‘హి’ సరిగ్గా పడింది ఆ కుక్కకే. టిక్కు పెడుతుంటే చేయి వణికింది.

‘యు’ను ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. మనవడికీ అధికారికీ ఒకే మాటా? అధికారికి ‘యు గారు’ అని రాసుకుంది. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ నువ్వుకు ‘దౌ’, మీరుకు ‘యు’ ఉండేవని, వాళ్లు నువ్వును పారేసి మీరును మిగుల్చుకున్నారని చెప్పాను. 17వ శతాబ్దంలో క్వేకర్లు అనే మతశాఖ వారు ఎంత పెద్దవారినైనా ‘దౌ’ అనే పిలుస్తామని పట్టుబట్టి తిట్లూ దెబ్బలూ తిన్నారని కూడా చెప్పాను. “తినరూ మరి!” అందావిడ, తృప్తిగా.

రెండు గంటల తరువాత చివరి పేజీకి వచ్చాను. అందులో ఇరుగుపొరుగు గురించి నాలుగు వాక్యాలు. పక్కింట్లో ఒక మాస్టారు ఉన్నారు, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటారు అని. నా సర్వనామం ఉండాల్సిన చోట వెతికాను. మొదట ‘దే’ అని ఉంది. నేను మంచినీళ్లకు లేచినప్పుడు కాబోలు, దాన్ని కొట్టేసి, నా ఎర్ర పెన్నుతోనే ‘ఇట్’ అని దిద్దింది.