నడుమెత్తున కాసే చెనక్కాయ

అనంతపురంలో నడుము నొప్పని డాక్టరు దగ్గరికి పోయిన వాళ్ల చేతికి ఒక అచ్చు కాగితం వస్తుంది. వంగకూడదు. బరువులు ఎత్తకూడదు. కింద కూర్చోకూడదు. మెట్లు ఎక్కకూడదు. రాజ్యాంగంలోని ప్రాథమిక విధులకు కూడా ఇంత నిక్కచ్చి భాష లేదు. ఈ కాగితం బ్యాంకు మేనేజరుకూ ఇస్తారు, ఇంట్లో పేపరు చదువుకునే రిటైర్డు తాసిల్దారుకూ ఇస్తారు, రాప్తాడు వైపు పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన చెనక్కాయ కూలీకీ ఇస్తారు. సమానత్వం అంటే ఇదీ.

నాకు తెలిసిన ఒక అక్క ఆ కాగితం చదివించుకుని, "వంగకుంటే చెనక్కాయ ఎట్ల పెరికేది సార్?" అని అడిగింది. డాక్టరుగారు బెల్లు కొట్టారు, తర్వాతి పేషెంటు కోసం.

ప్రశ్న న్యాయమైనది కాబట్టి జవాబు నేనే ఆలోచించాను. తప్పు డాక్టరుగారిది కాదు, చెనక్కాయది. మర్యాద తెలిసిన పంట కొమ్మకు కాస్తుంది. ఇది మాత్రం పైన పూసి, ఊడలు దించి, మట్టిలో దాక్కుని కాస్తుంది. కదిరి పరిశోధన కేంద్రం వాళ్లు కే-6 ఇచ్చారు, కదిరి లేపాక్షి ఇచ్చారు, సంతోషం. ఇప్పుడు ఆర్థోపెడిక్ రకం ఒకటి ఇవ్వాలి. ఊడలు నేలకు దిగకుండా నడుమెత్తున ఆగాలి, కాయలు అక్కడే ఊరాలి. కలుపు మొక్కలు కూడా చేతికందే ఎత్తుకు వచ్చాకే వేర్లు పట్టాలి. కూలీలు కింద కూర్చోకూడదు కాబట్టి సాళ్ల మధ్య కుర్చీలు వేయించాలి. బరువులెత్తకూడదు కాబట్టి మూటకు రెండు కిలోలే కట్టాలి. అట్లయితే ట్రాక్టరు నిండేసరికి సంక్రాంతి వస్తుంది, రానీ. సాయంత్రం ఇంటికి పోతే బర్రె బల్ల మీద నిలబడి పాలివ్వాలి. బర్రెను బల్ల ఎక్కించేది ఎవరన్నది మాత్రం కాగితంలో రాయలేదు. అది వచ్చే నెల చూపించుకునేటప్పుడు చెబుతారేమో.

డాక్టరుగారి నమ్మకం ఒకటే: నొప్పి ఉందంటే ఎక్కడో ఏదో అరిగింది. ఎమ్మారై ఫిల్ము లైటుకు పట్టి, "ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ దగ్గర ఉబ్బింది, గుజ్జు అరిగింది" అంటారు, నడుము వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు గురించి. ఆ రోజు నుంచి మనిషి దగ్గడానికి కూడా భయపడుతుంది. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూస్తే సగానికి పైగా మందిలో ఇట్లాంటి ఉబ్బే కనబడింది. వాళ్లెవరూ అనంతపురం సాయినగర్ ఆసుపత్రులకు రాలేదు కాబట్టి బతికిపోయారు.

ఎడతెగని నడుము నొప్పికి బెల్టులూ, ట్రాక్షనూ మామూలుగా వాడొద్దని 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వ్యాయామం చేయించండి, నొప్పి గురించి మనిషికి అర్థమయ్యేట్టు చెప్పండి అంది. చెప్పడానికి టైము కావాలి. బెల్టు అయితే కింద మందుల షాపులో అన్ని సైజుల్లోనూ ఉంది. అనంతపురం మే నెలలో అది కట్టుకుని చూడండి, నడుము నొప్పి సంగతేమో గానీ చెమటకాయల ముందు అది గుర్తుకు రాదు. ఇక గోలీలు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందుల కిడ్నీలు పోతున్నాయని 2006లో ఆ మందును పశువులకు నిషేధించారు. మనుషులకు నెలల తరబడి రాస్తున్నా ఎవరికీ బెంగ లేదు. మనల్ని రాబందులు తినవు కదా.

ఫిల్ములో ఏమీ కనబడలేదంటే ఇంకా ఘోరం. "నీకేం లేదమ్మా, అంతా టెన్షన్" అంటారు, పక్కన మొగుడు వింటుండగా. ఆ మాట ఆమె కంటే ముందు ఇల్లు చేరుతుంది. ఇక ఆమె నడుము పట్టుకున్న ప్రతిసారీ అత్తకు అది నాటకమే. మూడు నెలలు దాటిన నొప్పి దానికదే ఒక జబ్బు కావచ్చని 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ జబ్బుల పట్టికలోనే ఉంది. గాయం కనబడకపోయినా నరాల వ్యవస్థ నొప్పిని పెంచి చూపుతుందని మీ పుస్తకాల్లోనే ఉంది. మీరు చదవకపోతే ఆమె అబద్ధమాడినట్టా?

"కదిలితే నొప్పి రావచ్చు తల్లీ, కానీ నడుము విరిగిపోదు, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పో." ఈ ఒక్క మాటకు ఎంతసేపు పడుతుంది? రద్దీ అంటారు. పెద్దాసుపత్రి ఓపీలో ఆ మాటంటే ఒప్పుకుంటాను. ఏసీ గదిలో ఫీజు తీసుకుని, రెండు నిమిషాలు ఫిల్ము వైపే చూసి పంపేవాళ్లకు ఏం రద్దీ? భయం నేర్పింది మీరు. ఆ భయంతో ఆమె మంచం పట్టింది, కదలక కండ కరిగింది, కండ కరిగి నొప్పి పెరిగింది, పెరిగిందని మళ్లీ మీ దగ్గరికే వచ్చింది. మీరు మళ్లీ కదలొద్దన్నారు. దీన్ని వైద్యం అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఆ అక్క అదే కాగితం పట్టుకుని సదరం క్యాంపుకు పోయింది. వికలాంగత 40 శాతం ఉందని సర్టిఫికెట్ వస్తే పింఛను వస్తుందని ఎవరో చెప్పారట. "వంగొద్దని మీవాళ్లే రాసిచ్చినారు సార్" అని చూపించింది. అక్కడి డాక్టరు కాగితం ముట్టుకోలేదు. "నడిచే వచ్చినావు కదమ్మా" అన్నారు. వంగకూడదని రాసే చేయి, వంగలేదని మాత్రం రాయదు.

మరుసటి రోజే ఆమె చేనుకు పోయింది. డాక్టరుగారి మాట పూర్తిగా తీసెయ్యలేదు లెండి, బెల్టు కట్టుకునే వంగుతోంది.