గైటన్‌ని తిట్టే ముందు అతని ఎడమ కాలు చూడండి

మళ్ళీ మొదలైంది. పది సెకన్ల క్లిప్ ఒకటి, దాని కింద "మొదటి రౌండ్ పిక్ తగలేశారు" అని ఒక్క ముక్క, ఆ కింద వరసగా నవ్వు బొమ్మలు. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ తెలుగు గ్రూపులన్నిటిలో పొద్దుట్నుంచీ ఇదే తిరుగుతోంది. క్లిప్‌లో ఉన్నదేమిటంటే, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్ లెఫ్ట్ టాకిల్ టైలర్ గైటన్ చెయ్యి ఎదుటివాడి భుజం మీద పడింది, పెనాల్టీకి విసిరే పసుపు గుడ్డ పడింది. ఆ చెయ్యి అక్కడిదాకా ఎలా వెళ్ళిందో ఒక్కరూ అడగరు. ఎందుకంటే అది తెలియాలంటే బంతిని వదిలేసి లైన్‌ని చూడాలి, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే అయిదుగురి వరుసని: మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, రెండు చివర్లలో టాకిల్‌లు. లైన్‌ని చూసే ఓపిక మన డాలస్ అభిమానుల్లో ఎప్పుడూ లేదు.

సంగతి సరిగ్గా చెప్పుకుందాం. 2024 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, కౌబాయ్స్ చేతిలో ఉన్నది 24వ పిక్ (వంతు). దాన్ని డెట్రాయిట్‌కి ఇచ్చి 29కి దిగారు, దాంతోపాటు 73వ పిక్ వచ్చింది. 29లో గైటన్, 73లో కూపర్ బీబీ. ఆ బీబీయే సెంటర్‌గా బంతి అందిస్తున్నాడు. "తగలేశారు" అనేవాళ్ళు ఈ సగం ఎప్పుడూ చెప్పరు. "గ్రాహం బార్టన్‌ని తీసుకోవాల్సింది" అంటారు. తీసుకుంటే సెంటర్ దొరికేవాడు, సరే. అతన్ని తీసుకున్న టాంపా జట్టు కూడా సెంటర్‌గానే ఆడిస్తోంది. మరి లెఫ్ట్ టాకిల్‌లో ఎవరు నిలబడతారు? దీనికి ఇంతవరకూ ఒక్కరు కూడా జవాబు చెప్పలేదు.

గైటన్ పచ్చి ఆటగాడన్నది రహస్యమేమీ కాదు. ఎత్తు 6 అడుగుల 7 అంగుళాల పైన, బరువు 320 పౌండ్ల పైన, ఆ ఒంటికి ఆ వేగం చాలా అరుదు. కాలేజీలో మొదటి వరుసలో ఆడిన ఆటలు మాత్రం బాగా తక్కువ. పైగా టీసీయూ కాలేజీలో ఉన్నప్పుడు వేరే స్థానాల్లో వాడి, ఆ తర్వాతే టాకిల్‌గా స్థిరపరిచారు. ఓక్లహోమాలో ఆడింది రైట్ టాకిల్. అక్కడి క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియల్‌ది ఎడమచేతి వాటం కాబట్టి అతని వీపు వైపు కాపలా కుడి టాకిల్‌దే. డాలస్ అతన్ని తీసుకున్న వెంటనే ఎడమ వైపు నిలబెట్టింది. అసలు కథంతా ఇక్కడే ఉంది. దీని గురించి మాట్లాడకుండా పిక్ గురించి మాట్లాడటం శుద్ధ దండగ.

కుడి టాకిల్‌కి కుడి కాలు వెనక ఉంటుంది. స్నాప్ పడగానే, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించగానే, ఆ కాలితో వెనక్కీ పక్కకీ జారతాడు, దీన్నే కిక్ స్లైడ్ అంటారు. ఎడమ కాలు లోపలి వైపు నేలని పట్టుకుని ఒంటిని నిలబెడుతుంది. ఎడమ వైపుకి మారిస్తే ఇదంతా తిరగబడుతుంది. తోసే కాలు పట్టుకునే కాలవుతుంది, పట్టుకునే కాలు తోసే కాలవుతుంది, ముందు తగలాల్సిన చెయ్యి మారుతుంది, బరువు ఆనించే తుంటి మారుతుంది. ఇండియాలో ఏళ్ళ తరబడి కారు నడిపి ఇక్కడికొచ్చినవాళ్ళు మొదట్లో మలుపు దగ్గర సిగ్నల్ వేయబోయి వైపర్ వేస్తారు, గుర్తుందిగా? తెలివి లేక కాదు, చేతి అలవాటు. ఆ తప్పుకి వెనక కారువాడు హారన్ కొడతాడు. గైటన్ తప్పుకి 270 పౌండ్ల మనిషి క్వార్టర్‌బ్యాక్ వీపు మీద పడతాడు.

ఇప్పుడు ఆ క్లిప్ మళ్ళీ చూడండి. చేతుల దాకా పోవద్దు, మొదటి రెండు అడుగులు చూడండి. ఎడమ కాలు మొదటి అడుగు మరీ పొడుగ్గా పడింది. పక్క నుంచి చుట్టి వచ్చే వేగానికి భయపడితే పడే అడుగది. బరువంతా బయటి కాలి మీదికి పోయింది. రెండో అడుగుకే తుంటి బయటికి తిరిగిపోయింది. అక్కడితో ఆ స్నాప్ అయిపోయినట్టే. లోపలి వైపు ఖాళీ కనబడగానే ఎండ్, అంటే అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చే ఎదుటి ఆటగాడు, లోపలికి కోస్తాడు. బరువు బయట ఉన్నవాడు లోపలికి రాలేడు, చెయ్యి ఒక్కటే వస్తుంది. ఆ చెయ్యి ఛాతీకి అందదు, భుజం దగ్గరో చంక దగ్గరో చిక్కుకుంటుంది. జెర్సీ సాగుతుంది, ఎదుటివాడి భుజం తిరుగుతుంది, రిఫరీకి కనబడేది అదే. హోల్డింగ్ (పట్టుకోవడం) అంటారు, పది యార్డులు వెనక్కి. గుడ్డ చేతికి పడింది కానీ తప్పు జరిగింది కాలి దగ్గర, అదీ గుడ్డ పడటానికి ఒక సెకను ముందు.

ఇంకో రకం తప్పు కూడా అతనిలో ఉంది, దాచాల్సిన పని లేదు. రెండు చేతులూ ఒకేసారి విసురుతాడు. అనుభవమున్న ఎండ్ ఆ రెంటినీ ఒక్క దెబ్బతో కిందికి కొట్టేస్తాడు. చేతులు పోయినవాడి తల ముందుకి వంగుతుంది, కాళ్ళు ఆగిపోతాయి. ఒక్కో చెయ్యి విడివిడిగా వాడాలి, ఒకటి చూపించి ఎదుటివాడి దెబ్బ వృథా చేయించి, రెండోది ఛాతీ మధ్యలో బొటనవేలు పైకి ఉండేలా పెట్టాలి. అంత ఎత్తున్నవాడు మోకాళ్ళు వంచకపోతే ఎదుటివాడి చేతులు అతని ఛాతీ కిందికి దూరతాయి, తిన్నగా క్వార్టర్‌బ్యాక్ ఒళ్ళోకి నెట్టుకుపోతారు. ఇవన్నీ నేర్పితే వచ్చే విద్యలు. ఆ పొడుగూ, ఆ కాళ్ళ వేగమూ నేర్పితే వచ్చేవి కావు. మొదటి రౌండ్‌లో పచ్చివాణ్ణి తీసుకోవడానికి కారణం ఇదొక్కటే.

ఫాల్స్ స్టార్ట్‌ల (స్నాప్‌కి ముందే కదలడం) మీద కూడా ఏడుపే. "కదలకుండా నిలబడటం కూడా రాదా" అంటారు. పరాయి మైదానంలో అరుపుల్లో క్వార్టర్‌బ్యాక్ గొంతు వినబడదు. గార్డ్ వెనక్కి చూసి సెంటర్‌ని తడతాడు, సెంటర్ తల ఎత్తి దించి బంతి ఇస్తాడు. అంచున నిలబడ్డ టాకిల్ ఒక కంట బంతిని చూడాలి, ఇంకో కంట ఎండ్‌ని చూడాలి. బంతి కదలడాన్ని ఎండ్ కూడా అదే క్షణంలో చూస్తాడు, అంటే టాకిల్‌కి ఉండాల్సిన ముందడుగు లాభం పోయింది. అంతకుముందు స్నాప్‌లో అంచు దగ్గర దెబ్బతిన్న కుర్రాడు ఈసారి అర క్షణం ముందు కదులుతాడు. అయిదు యార్డులు పోతాయి. అది ఏకాగ్రత లేకపోవడం కాదు, కాలి మీద నమ్మకం లేకపోవడం. కాలు కుదిరితే ఆ గుడ్డలు వాటంతటవే తగ్గుతాయి.

సాక్‌లన్నీ (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) టాకిల్ ఖాతాలో రాసేవాళ్ళకి ఇంకో మాట. టాకిల్ తన కోణాన్ని క్వార్టర్‌బ్యాక్ ఎంత వెనక ఉంటాడన్న లెక్క మీద పెట్టుకుంటాడు. ఏడెనిమిది యార్డుల దగ్గర ఉండాల్సినవాడు పదికి జారితే, చుట్టుకు రావాల్సిన ఎండ్‌కి తిన్నటి దారి దొరుకుతుంది. టాకిల్ చేసిన పని సరైనదే, సాక్ మాత్రం అతని పేరు మీదే.

ఇక అసలు కడుపుమంట. ఇదే జట్టు తీసుకున్న టైలర్ స్మిత్ విషయంలో ఇదే జనం ఏమన్నారో అందరూ మర్చిపోయారు. 2022, 24వ పిక్. టల్సా కాలేజీలో చివరి సీజన్‌లో 16 పెనాల్టీలు, ఎక్కువ హోల్డింగ్‌లే. ఆ అంకె పట్టుకుని ఎన్ని వారాలు ఏడ్చారు! "చిన్న కాలేజీ, చేతులు అదుపులో లేవు, రెండో రౌండ్ సరుకు" అన్నారు. ఆ ఆగస్టులో అప్పటి లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ గాయపడితే, గార్డ్‌గా ఆడించాలనుకున్న ఈ కుర్రాణ్ణి లెఫ్ట్ టాకిల్‌లో నిలబెట్టారు. కొత్తవాడై ఉండి 17 ఆటలూ ఆడాడు. తర్వాతి ఏడాది లెఫ్ట్ గార్డ్‌కి వెళ్ళాడు. అక్కడ ఎదుటివాడికీ తనకీ మధ్య జాగా తక్కువ, తాకిడి వెంటనే జరుగుతుంది, విశాలంగా పోయే చేతులకి పోవడానికి చోటే ఉండదు. లీగ్‌లో మేటి ఆటగాళ్ళని ఎంచుకునే ప్రో బౌల్‌కి వెళ్ళాడు. 2025లో నాలుగేళ్ళకి 96 మిలియన్ డాలర్ల ఒప్పందం చేశాడు, ఆ రోజుకి లీగ్‌లో ఏ గార్డ్‌కీ అంత లేదు. మరి అప్పుడు తిట్టినవాళ్ళలో ఒక్కరైనా ఆ మాట వెనక్కి తీసుకున్నారా? లేదు. గైటన్ మీదికి మళ్ళారు, అంతే.

అంతకు ముందూ ఇదే. 2013లో 18 నుంచి 31కి దిగి ట్రావిస్ ఫ్రెడరిక్‌ని తీసుకుంటే టీవీలో పండితులు, ఇక్కడ అభిమానులు కలిసి పరిహసించారు. సెంటర్‌కి మొదటి రౌండా అని. అయిదుసార్లు ప్రో బౌల్. 2014లో క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్జెల్ కావాలని గోల, జట్టు జాక్ మార్టిన్‌ని తీసుకుంది. మార్టిన్ తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి వెళ్ళాడు, మాన్జెల్ రెండు సీజన్లకే లీగ్ నుంచి పోయాడు. ఆ 2014లో డిమార్కో మర్రీ 1,845 యార్డులు పరిగెత్తాడు, 2016లో ఎజికీల్ ఎలియట్ కొత్తవాడై ఉండి 1,631. ఊరంతా ఎలియట్ 21 నంబరు జెర్సీలు కొన్నారు. వాళ్ళకి దారి తెరిచిన మార్టిన్, ఫ్రెడరిక్, టైరన్ స్మిత్‌ల 70, 72, 77 నంబర్లు ఎన్ని ఒంటి మీద కనబడ్డాయి?

77 అంటే గుర్తొచ్చింది, నా కోపం నిజానికి అభిమానుల మీద సగమే. మిగతా సగం జట్టు యాజమాన్యం మీద. టైరన్ స్మిత్‌ని 2011లో 9వ పిక్‌గా తీసుకున్నప్పుడు అతనికి ఇరవై ఏళ్ళు. యూఎస్‌సీ కాలేజీలో రైట్ టాకిల్. ఆ రోజు ఈ జట్టు ఏం చేసింది? డగ్ ఫ్రీని ఎడమ వైపే ఉంచి, కుర్రాణ్ణి మొదటి ఏడాదంతా అలవాటైన కుడి వైపే ఆడించింది. రెండో ఏడాది ఇద్దర్నీ మార్చింది. ఎనిమిదిసార్లు ప్రో బౌల్ ఆడిన లెఫ్ట్ టాకిల్ అలా తయారయ్యాడు. పద్ధతి తెలియక కాదు, వాళ్ళకి తెలుసు, వాళ్ళే చేశారు.

2024లో ఏం చేశారు? జనవరిలో సొంత మైదానంలో గ్రీన్ బే చేతిలో 48-32తో చిత్తుగా ఓడారు. జట్టు యజమాని జెర్రీ జోన్స్ బయటికొచ్చి ఈ ఏడాది సర్వం ఒడ్డుతున్నామన్నారు. మార్చి వచ్చింది. టైరన్ స్మిత్ జెట్స్‌కి, సెంటర్ టైలర్ బియాడస్ కమాండర్స్‌కి, టోనీ పొలార్డ్ టైటన్స్‌కి వెళ్ళిపోయారు. వాళ్ళ చోట్లో అనుభవమున్న గట్టి ఆటగాడు ఒక్కడు రాలేదు. లైన్‌లో అయిదుగురిలో ఇద్దరు పోతే ఆ రెండు ఖాళీల్లో ఇద్దరు కొత్తవాళ్ళని నిలబెట్టారు. గైటన్ మొదటి ఆట క్లీవ్‌లాండ్‌లో, మైల్స్ గారెట్ లాంటి ఎండ్ ఉన్న జట్టు మీద, అలవాటు లేని వైపున. అంతకుముందు ఏడాది 12 గెలిచిన జట్టు ఆ ఏడాది 7 గెలిచి 10 ఓడింది. నింద ఎవరి మీద పడింది? ఇరవై మూడేళ్ళవాడి మీద.

వేరే దారి లేదా అంటే ఉంది. టైలర్ స్మిత్ అప్పటికే 17 ఆటల అనుభవం ఉన్నవాడు, ఒక్క ఏడాది అతన్ని లెఫ్ట్ టాకిల్‌కి పంపి గైటన్‌ని కుడి వైపు టెరెన్స్ స్టీల్ వెనక బదులు ఆటగాడిగా ఉంచాల్సింది. లేదా ఒక్క ఏడాది ఒప్పందానికి పాత టాకిల్‌ని కొనాల్సింది. పచ్చివాణ్ణి అనుభవమున్నవాడి వెనక ఆగనిచ్చింది ఫిలడెల్ఫియా, చెప్పడానికే ఒళ్ళు మండుతోంది. జోర్డన్ మైలాటా అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడని ఆస్ట్రేలియా రగ్బీ కుర్రాడు. 2018 ఏడో రౌండ్, 233వ పిక్. మొదటి రెండు సీజన్లు ఒక్క ఆటలోనూ దించలేదు. ఎడమ వైపు జేసన్ పీటర్స్ ఉన్నాడు, నేర్పడానికి జెఫ్ స్టౌట్లండ్ ఉన్నాడు, అదే కోచ్ ఏడాదికేడాది ఉన్నాడు. చివరికి మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆండ్రే డిల్లర్డ్‌ని కూడా మైలాటా దాటేశాడు. ఇక్కడ గైటన్‌కి మొదటి ఏడాది లైన్ కోచ్ మైక్ సొలారి, రెండో ఏడాది కానర్ రైలీ. అడుగు వేసే తీరులో, చెయ్యి వేసే సమయంలో ఒక్కో కోచ్‌ది ఒక్కో పద్ధతి. ఒకటి ఒంటికి పట్టేలోపు ఇంకొకటి.

"ఏడాదంతా ప్రాక్టీస్ చేస్తారుగా" అనేవాళ్ళు లీగ్ నిబంధనలు చదవండి. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన 2011 ఒప్పందం నుంచి సీజన్ మొత్తం మీద ప్యాడ్‌లు కట్టుకుని చేసే ప్రాక్టీస్‌లు 14. మే, జూన్‌లలో ఒకరినొకరు గుద్దుకోవడానికే వీల్లేదు. లైన్‌మ్యాన్ నిజంగా నేర్చుకునేది ఆక్స్‌నార్డ్ శిక్షణ శిబిరంలో ఆ కొద్ది వారాలు. 2025లో ఆ కొద్ది వారాల్లోనే గైటన్ మోకాలి ఎముక విరిగింది. అయినా మొదటి ఆటకి తిరిగొచ్చి ఫిలడెల్ఫియా ముందు నిలబడ్డాడు.

పచ్చివాళ్ళందరూ పండుతారని నేననను. 2014లో రామ్స్ 2వ పిక్‌గా తీసుకున్న గ్రెగ్ రాబిన్సన్ చేతులూ కాళ్ళూ ఎప్పటికీ కుదరలేదు, మూడేళ్ళకే ఆరో రౌండ్ పిక్‌కి అమ్మేశారు. అదే 2017లో డెన్వర్ తీసుకున్న గారెట్ బోల్స్ మూడేళ్ళు హోల్డింగ్‌లతో సొంత మైదానంలోనే తిట్లు తిన్నాడు, జట్టు అతని అయిదో ఏడాది ఆప్షన్ (మొదటి రౌండ్ ఆటగాణ్ణి ఇంకో ఏడాది ఉంచుకునే హక్కు) కూడా వద్దనుకుంది. నాలుగో ఏడాది కాలు కుదిరింది, అదే జట్టు పెద్ద ఒప్పందం ఇచ్చి పెట్టుకుంది.

గైటన్ అయిదో ఏడాది ఆప్షన్ మీద జట్టు తేల్చుకోవాల్సింది 2027 మే మొదట్లో. అప్పటిదాకా "తగలేశారు" అని రాసేవాళ్ళు కింద ఇంకో లైను కూడా రాయండి. ఏ ఆట, ఏ క్వార్టర్, ఎన్నో స్నాప్, అడుగు తప్పిందా చెయ్యి తప్పిందా, పక్కన టైట్ ఎండ్ (సొంత జట్టువాడే) సాయం ఉందా లేదా, క్వార్టర్‌బ్యాక్ ఎన్ని యార్డుల వెనక ఉన్నాడు. అది రాస్తే ఎంతసేపైనా వాదిస్తాను. పది సెకన్ల క్లిప్ ఒక్కటే పెడితే మాత్రం నా గోడ మీద తీసేస్తాను.