శ్రీకాకుళంలో ఆటిజం, బరంపురంలో ఏడీహెచ్‌డీ

మా వాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. నాలుగేళ్లప్పుడు శ్రీకాకుళం తీసుకెళ్తే డాక్టరుగారు ఆటిజం అన్నారు, అంటే నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమై, అన్నీ ఒకేలా ఉండాలనిపించే తీరు. ఏడాది తర్వాత ఒడిశా వైపు బరంపురంలో చూపిస్తే ఆటిజం కాదు, ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే ఒకచోట కుదురుగా ఉండలేని, ఒకదాని మీద మనసు నిలవని తీరు. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్లే, ఇద్దరూ చూసిందే చెప్పారు. మొదటి గదిలో పైన ఫ్యాను కొంచెం వంకరగా తిరుగుతూ టిక్కుటిక్కుమంటోంది, వాడు ఇరవై నిమిషాలూ దాన్నే చూస్తూ కూర్చున్నాడు, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పలేదు. రెండో చోట గంటన్నర బయట కూర్చోబెట్టి పిలిచారు, అప్పటికే వాడి ఓపిక అయిపోయి బల్లెక్కాడు, స్టెతస్కోపు లాగాడు, చివరికి తలుపు తీసుకుని వరండాలోకి పరిగెత్తాడు. ఒక్కొక్కరికీ సగం పిల్లాడే కనపడ్డాడు.

మాలాగా పర్లాకిమిడిలో ఉండేవాళ్లకి రెండు పక్కలా తిరగడం కొత్త కాదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు ఒడిశాలోకి పోయింది, చుట్టాలు చాలామంది తెలుగు వైపు మిగిలారు, పాతపట్నం పక్కనే ఉన్నా వేరే రాష్ట్రం. పెళ్లిళ్లకీ బట్టలకీ అడ్డం రాని సరిహద్దు పిల్లాడి ఫైలు దగ్గర అడ్డం వస్తుంది. అక్కడి కాగితాలు ఇక్కడ పక్కన పెడతారు, ఇక్కడివి అక్కడ ఎవరూ చదవరు.

రెండూ ఒకే పిల్లాడికి ఉండకూడదా అని అప్పట్లో ఇద్దరినీ అడిగాను. ఒకరు నవ్వి ఊరుకున్నారు. తర్వాత తెలిసింది, అలా ఉండకూడదని నిజంగానే రాసి ఉండేదట. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో తెచ్చిన డీఎస్ఎం అనే రోగ నిర్ధారణ పుస్తకం నాలుగో కూర్పులో, ఆటిజం ఉన్న పిల్లలకి ఏడీహెచ్‌డీ అని విడిగా రాయకూడదన్న నియమం ఉండేది. 2013లో వచ్చిన ఐదో కూర్పు దాన్ని తీసేసింది. పాత పుస్తకం చదివి వచ్చినవాళ్లు ఇంకా ప్రాక్టీసులో ఉన్నారు, చేతికి పడిన అలవాటు పుస్తకం మారినంత తొందరగా మారదు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఏడీహెచ్‌డీ లక్షణాలు కూడా ఉండటం అరుదేమీ కాదని మాత్రం ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు.

ఇంట్లో చూసేవాళ్లకి ఇది పుస్తకం లేకుండానే తెలుస్తుంది. రథయాత్ర రోజు మా వాడు తాళాల మోతకి రెండు చెవులూ మూసుకుని ఏడుస్తాడు, అదే ఏడుపుతో చెయ్యి విడిపించుకుని రథం వైపే పరిగెడతాడు. చప్పుడు పడదు, కానీ ఆ కదలిక కావాలి. రోజూ అదే స్టీలు పళ్లెం, అదే మూల, పప్పు అన్నానికి తగలకూడదు, అలాంటి పిల్లాడే తినడానికి కూర్చున్న మూడో నిమిషానికి లేచి గేటు దగ్గర తేలతాడు. ఆటిజం వైపు నిన్నటిలాగే ఉండాలంటుంది, ఏడీహెచ్‌డీ వైపు నిన్నటిది విసుగంటుంది. మధ్యలో నలిగేది వాడే. పక్కింటావిడకి మాత్రం "గుంటడు తిరగలిలాగ తిరుగుతున్నాడేటి" అన్నదొక్కటే కనిపిస్తుంది.

పిలిస్తే పలకకపోవడం చూడండి. మన పిలుపు తనకోసమే అని వాడికి తట్టకపోవచ్చు, అది ఆటిజం వైపుది. విని, లేవబోయి, ఈలోగా బల్లి కనపడి మర్చిపోవచ్చు, అది రెండో వైపుది. చెవులే సరిగా వినపడకపోవచ్చు కూడా. ఆ చెవి పరీక్ష అన్నిటికంటే ముందు చేయించాలి, మేం రెండేళ్లు ఆలస్యంగా చేయించాం, ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు. పైకి ఒకేలా కనపడే పనికి లోపల కారణం వేరైతే చెయ్యాల్సింది కూడా వేరవుతుంది. మొదటిదానికి ఎదురుగా వెళ్లి, భుజం తట్టి, ఒక్క ముక్కలో చెప్పాలి. రెండోదానికి చెప్పింది గుర్తుండేలా బొమ్మ గోడకి అంటించాలి.

గోడ అంటే టైంటేబుల్ సంగతి చెప్పాలి. థెరపీలో బొమ్మల చార్టు ఇచ్చారు, లేవడం, పళ్లు తోముకోవడం, స్నానం, టిఫిను. మొదటి నాలుగు రోజులు దేవుడి పటం చూసినట్టు చూశాడు, ఐదో రోజు చించేశాడు. కొత్తగా ఉంటుందని వరస మారిస్తే గంటన్నర ఏడ్చాడు. చివరికి దారి మా ఆవిడకి దొరికింది. వరస ఎప్పటికీ మారదు, లోపలి సరుకు మాత్రం వాడు ఎంచుకుంటాడు. స్నానం టిఫినుకి ముందే, కానీ ఎర్ర మగ్గా నీలం మగ్గా వాడిష్టం. లెక్కలు సాయంత్రం ఐదింటికే, కానీ నేల మీదా, మేడ మెట్ల మీదా, నిలబడా వాడే చెప్తాడు. పది నిమిషాలకోసారి లేచి నీళ్ల బిందె దాకా వెళ్లి రావచ్చు. ఇది ఎవరి చార్టులోనూ లేదు. అందరికీ పనిచేస్తుందనీ అనను, మా ఇంట్లోనే పదింట మూడు రోజులు బెడిసికొడుతుంది.

మందు గురించి పొడిగా చెప్తాను. ఆటిజం మూల లక్షణాలని తగ్గించే మందు లేదు, ఉందన్నవాళ్లనీ స్టెమ్ సెల్స్ ఎక్కించి నయం చేస్తామన్నవాళ్లనీ దూరంగా పెట్టండి. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ రెండూ ఉన్న పిల్లలకి కూడా పనికొస్తుంది, కానీ ఉత్త ఏడీహెచ్‌డీ పిల్లలతో పోలిస్తే ఫలితం కొంచెం తక్కువ, చిరాకు, ఆకలి తగ్గడం లాంటివి ఎక్కువ. అందుకే తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా చూసుకుంటూ పోతారు. మాది ఇంకా ఆ దశకి రాలేదు.

నాకు కోపం తెప్పించింది భాష విషయం. మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్లో ఇంగ్లీషు, టీవీలో హిందీ. మాటలు ఆలస్యమైన పిల్లాడు దొరికితే అందరూ మొదట పట్టుకునేది దీన్నే, ఇన్ని భాషలతో వాడి బుర్ర పాడుచేశారని. ఒక థెరపిస్టు గట్టిగానే చెప్పారు, ఇంట్లో తెలుగు మానేసి ఒడియా ఒక్కటే మాట్లాడండి, బడికి పనికొస్తుంది అని. నాలుగు నెలలు మానేశాం. మా అమ్మకి వచ్చిన ఒడియా బజార్లో బేరమాడటానికి సరిపోతుంది, అంతకంటే రాదు. ఇంట్లో వాడితో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి ఆవిడే, ఆ నాలుగు నెలలూ అన్నం కలిపి పెట్టి ఊరుకునేది. వాడికి ఒడియా మాటలు పెరగలేదు సరికదా "మామ్మా, పాణి కావాల" అనేది కూడా తగ్గిపోయింది. పాణి అంటే ఒడియాలో నీళ్లు, ఆ మాటలో రెండు భాషలున్నాయి, అయినా కావాల్సింది అడుగుతున్నాడు కదండీ, ఇంకేం కావాలి?

రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ఆటిజం ఉన్న పిల్లలకి రెండో భాష వల్ల మాటలు ఇంకా వెనకబడినట్టు పరిశోధనల్లో తేలలేదు. ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉండి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు రాశారు గిడుగు రామమూర్తి పంతులుగారు, అది నూరేళ్ల కిందటి మాట. పిల్లాణ్ని పరీక్షించడం కూడా అంతే, వాడి భాషలోనే జరగాలి. ముక్కు ఏది అని ఒడియాలో అడిగితే మా వాడు దిక్కులు చూశాడు, నేను తెలుగులో అడిగితే వేలు పెట్టి చూపించాడు, కానీ కాగితం మీద అప్పటికే రాసేశారు. (బళ్లో టీచరు ఓసారి వాణ్ని "భారీ దుష్ట" అంటే మా అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఒడియాలో దానికి అల్లరివాడు అనే అర్థం, ముద్దుగా కూడా అంటారు. ఆవిడకి దుష్టుడని వినపడింది.)

ఇక వైకల్య సర్టిఫికెట్. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో ఆటిజం ఉంది, చదవడం రాయడంలో వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ లేదు. ఆటిజానికి ఇసా అనే మన దేశపు కొలత వాడతారు, 40 అంశాలు, 70 మార్కులు వస్తేనే 40 శాతం వైకల్యం కింద లెక్క, చాలా సదుపాయాలకి ఆ 40 కావాలి. మా వాడికి 70 రాలేదు. వాణ్ని రోజూ ఇబ్బంది పెట్టేదాంట్లో సగం పైగా ఏడీహెచ్‌డీ వైపుది, దానికి ఆ కాగితంలో గడే లేదు. వింత ఏంటంటే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకమన్న 30 సమస్యల్లో ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. అంటే వెతికేటప్పుడు ప్రభుత్వానికి రెండూ కనపడతాయి, ఇచ్చేటప్పుడు ఒకటే. జాబితాలో ఇంకో పేరు చేర్చితే సగం పనే. పిల్లాడికి బట్టలేసుకోవడానికి, రోడ్డు దాటడానికి, క్లాసులో కూర్చోవడానికి రోజుకి ఎంతసేపు ఇంకో మనిషి కావాలో దాన్ని కొలవండి, పేరు ఏదైనా.

ఆ లెక్క ఆసుపత్రి గదిలో తేలదు. ఏడీహెచ్‌డీ అనాలంటే కనీసం రెండు చోట్ల లక్షణాలు కనపడాలని డీఎస్ఎంలోనే ఉంది, ఇల్లు, బడి లాగా. ఆ రెండు చోట్లా ఏం జరుగుతోందో చెప్పాల్సింది మనమే, నోటితో చెప్తే వినేంత టైము వాళ్లకి ఉండదు. అందుకని ఆర్నెల్లుగా నోటు పుస్తకం రాస్తున్నాను. ఎన్నింటికి గొడవైంది, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు పట్టింది, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, ఏ భాషలో చెప్తే విన్నాడు. టీచరమ్మని బతిమాలి వారానికి రెండు లైన్లు రాయించుకుంటున్నాను, ఆవిడ ఒడియాలోనే రాస్తుంది. ముప్ఫై పేజీలయ్యాక ఒకటి బయటపడింది. పెద్ద గొడవల్లో ఎక్కువ భాగం బడి నుంచి వచ్చిన గంటలోపే, అదీ ఆరోజు ఆటల పీరియడ్ తీసేసి లెక్కలు చెప్పినప్పుడే. నాలుగేళ్లలో ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

వచ్చే నెల గుణుపురం ప్యాసింజరులో విశాఖ వెళ్తున్నాం. తెలుగు పేజీలు నావి, ఒడియా పేజీలు టీచరమ్మవి. ఆ ఒడియా లైన్ల కింద మా ఆవిడ పెన్సిలుతో తెలుగు రాస్తోంది, ఇంకా పదకొండు పేజీలు మిగిలాయి.