స్టోరు వేసిన ధరే ధరా?

విజయనగరంలో ఇద్దరు కుర్రాళ్లు వయొలిన్ పాఠాల యాప్ తయారుచేశారనుకుందాం. 1919లో పుట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు పాఠం చెప్పిన ఊరు. చెప్పడానికి విద్య ఉంది, నేర్చుకోవడానికి డాలస్ నుంచి దుబాయ్ దాకా తెలుగు పిల్లలున్నారు. యాప్ ఉచితం, లోపల పాఠాల ప్యాక్‌కు మాత్రం డబ్బు కట్టాలి. అక్కడే పని చెడుతుంది. పోటీ యాప్‌లను చూసి 9.99 డాలర్లని పెట్టి, మిగతా దేశాల ధరలు యాప్ స్టోరే (గూగుల్ ప్లే, ఆపిల్) మార్చుకునేలా వదిలేస్తారు. డాలరు 85 రూపాయల లెక్కన చూసినా అది 849. ఆపైన 18 శాతం జీఎస్టీ కలిసి వెయ్యి దగ్గర తేలుతుంది. బొబ్బిలిలోని తల్లి ఆ అంకె చూసి యాప్ మూసేస్తుంది. పోనీ ఇక్కడివాళ్లకు అందేలా 199 రూపాయలతో మొదలుపెడితే అమెరికాలో అది రెండు డాలర్ల చిల్లర అవుతుంది. అంత చవగ్గా ఇచ్చేది మంచి పాఠమేనా అని అక్కడి తండ్రి అనుమానపడతాడు. రెండు విధాలా నష్టపోయేది యాప్ కట్టిన కుర్రాళ్లే.

దేశానికో ధర పెట్టాలి, దాన్ని మనమే కూర్చుని పెట్టాలి అన్నది మా అభిప్రాయం. బ్యాంకులో డాలరు మారకపు రేటు వేరు, ఆ డాలరుతో కొనగలిగేది వేరు. ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్కల ప్రకారం అమెరికాలో ఒక డాలరుకు దొరికేది మన దేశంలో సగటున 20 రూపాయల పైచిలుకుతో దొరుకుతుంది. ఆ లెక్కన 9.99 డాలర్ల ప్యాక్‌కు ఇక్కడ సరిజోడు 199 రూపాయలే. పెద్ద కంపెనీలు ఈ దారి ఎప్పుడో పట్టాయి. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో భారత్‌లో తన బేసిక్ ప్లాన్‌ను 499 నుంచి 199 రూపాయలకు దించింది. ఓపెన్ఏఐ 2025 ఆగస్టులో 399 రూపాయల చాట్‌జీపీటీ గో ప్లాన్‌ను ముందుగా మన దేశంలోనే తెచ్చింది.

చిన్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదనడానికి ఇప్పుడు వీల్లేదు. ఆపిల్ 2022 డిసెంబరులో డెవలపర్లు ఎంచుకోగల ధరల మెట్లను 900కు పెంచింది. 175 దేశాలు, ప్రాంతాల స్టోర్లలో దేనికదే ధర పెట్టుకోవచ్చు. గూగుల్ ప్లే అదే ఏడాది కనిష్ఠ ధరను 5 అమెరికన్ సెంట్ల స్థాయికి దించింది.

ముందు మన దేశపు ధర చేత్తో పెట్టాలి. తరువాత దేశాలను నాలుగైదు వర్గాలుగా విడదీయాలి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్ ఒక వర్గం, శ్రీలంక, నేపాల్ వంటివి మరొకటి, ఇలా. ప్రతి వర్గానికీ ఒక గుణకం వేసి, వచ్చిన అంకెను ఆ దేశంలో అలవాటైన ధరగా సవరించాలి. మనకు 49, 99, 199 అలవాటు. జపాన్ యెన్‌కు పైసలే ఉండవు కాబట్టి అక్కడ దశాంశాలు లేని అంకెలే. 213.47 లాంటి ధర కనబడిందంటే దాన్ని ఎవరూ సరిచూడలేదనే అర్థం. ఇక పన్ను. అమెరికాలో అమ్మకపు పన్ను ధరకు బయట ఉంటుంది. మన దగ్గర, బ్రిటన్‌లో, ఐరోపాలో, సౌదీ, యూఏఈల్లో పన్ను లోపలే ఉంటుంది: ఇక్కడ 18 శాతం, బ్రిటన్‌లో 20, జర్మనీలో 19, సౌదీలో 15, యూఏఈలో 5. 199 రూపాయల్లో జీఎస్టీ పోగా మిగిలేది 168.64. దాని మీద చిన్న డెవలపర్లకిచ్చే 15 శాతం కమిషన్ రేటు వేసుకున్నా 25.30 పోయి చేతికి 143 రూపాయల చిల్లర వస్తుంది. సర్వర్ ఖర్చు, పాఠం చెప్పిన గురువు వాటా ఇందులోంచే రావాలి. ఈ లెక్క కాగితం మీద వేయకుండా 49 రూపాయలకు దిగకూడదు.

ప్రపంచ సూచీలు మన జిల్లాలకు సరిపడని చోటు గల్ఫ్. ఖతార్, కువైట్, యూఏఈ తలసరి ఆదాయం చూసి ఏ పట్టికైనా వాటిని ధనిక దేశాల వరుసలో కూర్చోబెడుతుంది. కానీ తెలుగు యాప్‌కు అక్కడున్న వాడుకరి ఎవరు? ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి నుంచి వెళ్లిన వెల్డరు, ఫిట్టరు, డ్రైవరు. క్యాంపులో ఉంటూ జీతంలో పెద్ద భాగం ఉద్దానంలోని ఇంటికి పంపేవాడు. ఇంగ్లిష్ యాప్‌కు అక్కడి సగటు చెల్లుతుందేమో, తెలుగు యాప్‌కు చెల్లదు. దేశపు ఆదాయం కాదు, ఆ దేశంలో మన యాప్ తెరిచేవాళ్ల ఆదాయం చూడాలి. గల్ఫ్ ధర అమెరికా ధరలో సగానికి మించకూడదన్నది మా సూచన. తక్కువ ధరకు చిన్న ప్యాక్ ఒకటి విడిగా పెడితే ఇంకా మంచిది.

ఇంకో సంగతి. ప్లే స్టోరు ధర చూపేది ఖాతాలోని చెల్లింపుల ప్రొఫైల్ దేశాన్ని బట్టి. ఆ దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చుకోవచ్చు. ఊళ్లో ఉండగా తెరిచిన ఖాతాతోనే దోహాలో ఉంటున్న కార్మికుడికి రూపాయల ధరే కనబడుతుంది. అది మోసం కాదు. ఫోన్ ఉన్న చోటు ఐపీ చిరునామాతో పట్టుకుని అతన్ని అడ్డుకునే కోడ్ రాయడం తప్పు. యాప్ తనంతట తాను దేశాన్ని ఊహించకూడదు, స్టోరు చెప్పిందే తీసుకోవాలి.

కోడ్‌లో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ కోవలోవే. బటన్ మీద ‘199 రూపాయలు’ అని నేరుగా రాసేస్తారు. దుబాయ్‌లో బటన్ ఒకటి చెబుతుంది, చెల్లింపు తెర మరొకటి చూపుతుంది. కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. స్టోరు కరెన్సీ గుర్తుతో సహా పంపే ధర వాక్యాన్ని ఉన్నదున్నట్టు చూపాలి. లెక్క కావాలంటే ఆ వాక్యంలోంచి అంకెలు ఏరకూడదు. జర్మనీలో 4,99 అని కామాతో వస్తుంది, కామా తీసేస్తే 499 యూరోలవుతుంది. చెల్లింపుల కోసం గూగుల్ ఇచ్చే కోడ్ అయిన బిల్లింగ్ లైబ్రరీ ధరను మైక్రోలలో విడిగా ఇస్తుంది, పది లక్షల మైక్రోలు ఒక యూనిట్. దానితో పాటు కరెన్సీ కోడ్‌నూ భద్రపరచాలి. లేకపోతే నెలాఖరు లెక్కలో 900 యెన్లు, 900 రూపాయలు ఒకే గంపలో పడతాయి. దేశానికో ప్రోడక్ట్ ఐడీ (స్టోరులో ఆ ప్యాక్‌ను గుర్తించే పేరు) సృష్టించడం మరో పొరపాటు. ఐడీ ఒక్కటే ఉండాలి, దాని కింద దేశాల వారీ ధరలుండాలి. విడుదలకు ముందు గూగుల్ పరీక్షా యాప్ ప్లే బిల్లింగ్ ల్యాబ్‌లో దేశం మార్చి ప్రతి వర్గం నుంచి ఒక్కటైనా చూసుకోవాలి.

ఒకసారి పెట్టి వదిలేసే పని కాదిది. ఈజిప్టు పౌండు 2024 మార్చిలో డాలరుకు 31 నుంచి 50 దాకా ఒక్కసారిగా పడిపోయింది. అర్జెంటీనా, టర్కీ కరెన్సీల ఊగిసలాట తట్టుకోలేక స్టీమ్ గేమ్ స్టోరు 2023 నవంబరులో ఆ రెండు దేశాల్లో డాలర్ ధరలకు మారింది. గూగుల్‌లో మారకపు రేటు మారినంత మాత్రాన మన ధర మారదు, మనమే వెళ్లి తాజా చేయాలి. ఆపిల్ ఒక మూల దేశం ధరను బట్టి మిగతావి సవరిస్తుంది, మనం చేత్తో పెట్టినవాటినీ చందాలనూ ముట్టుకోదు. ఆరు నెలలకోసారి పట్టిక తీసి, పదిశాతానికి మించి తేడా వచ్చిన దేశాలను సరిచేస్తే చాలు.

చందాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ధర పెంచితే పాత చందాదారులను పాత ధరకే ఉంచడం మర్యాద, రెండు స్టోర్లూ అందుకు వీలిస్తాయి. ఆపిల్‌లో పెంపు ఒక హద్దు దాటితే వాడుకరి ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకోకపోతే చందా ఆగిపోతుంది. మన దేశంలో రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆటోమేటిక్ కోతకు 24 గంటల ముందు సమాచారం వెళ్లాలి, ఆ రోజు ఖాతాలో సొమ్ము లేకపోతే చెల్లింపు విఫలమవుతుంది. రీచార్జి అలవాటున్న మన పల్లెలకు గూగుల్ ప్రీపెయిడ్ ప్లానే నప్పుతుంది. కావాల్సిన నెల కట్టుకుంటారు, వద్దనుకుంటే మానేస్తారు.

ఒకే పాఠానికి ఒకరి దగ్గర ఎక్కువ, మరొకరి దగ్గర తక్కువ తీసుకోవడం న్యాయమా అని అడిగేవాళ్లున్నారు. భారత ఉపఖండంలో మాత్రమే అమ్మాలని అట్ట మీద అచ్చేసిన చవక ముద్రణ పుస్తకాలతోనే మన ఇంజినీరింగ్ విద్యార్థులు చదువుకున్నారు. ఆ ధర లేకపోతే ఆ పుస్తకాలు రాజాంకూ టెక్కలికీ వచ్చేవి కావు. దేశాన్ని బట్టి, అందరికీ తెలిసేలా పెట్టిన ధరలో అన్యాయం లేదు. ఒకే ఊళ్లో ఇద్దరికి వాళ్ల ఫోన్ ఖరీదు చూసి రెండు ధరలు చూపడం, పెంచిన ధరను కొట్టేసి తగ్గింపు అని రాయడం అన్యాయం. చందా వలలు, చివర్లో ధర పెంచే ఎత్తులు సహా కొనేవాళ్లను బురిడీ కొట్టించే 13 ఎత్తులను (డార్క్ ప్యాటర్న్‌లను) నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలిచ్చింది. యాప్ కట్టేవాళ్లు వాటిని చదవాలి.

జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం, దాని పరిధిలోని కళాశాలలు ఒక పని చేయాలి. డబ్బు తీసుకునే యాప్ ఏదైనా ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా వస్తే, రివ్యూలో కోడ్‌తో పాటు ఒక పేజీ ధరల పట్టిక అడగాలి. కనీసం పది దేశాలు, ఒక్కో దేశానికి చూపే ధర, పన్ను, కమిషన్, చేతికొచ్చేది, ఆ ధర ఎందుకో ఒక్క వాక్యం. అందులో భారత్, గల్ఫ్ వరుసలను మారకపు రేటుతో నింపిన పట్టికను తిప్పి పంపాలి.