‘నాకూ ఒకటి’ అను క్రియారహిత వాక్యం

తెలుగు వాక్యానికి క్రియాపదం తప్పనిసరి కాదని చిన్నప్పుడు బడిలో చదువుకున్నప్పుడు, ఆ వెసులుబాటు ఏనాటికో నా చేత 12,480 రూపాయలు కట్టిస్తుందని ఊహించలేదు. ‘నాకూ ఒకటి’ అన్న వాక్యాన్నే తీసుకోండి. అందులో కొంటాను అని లేదు, ఇస్తాను అని లేదు, కనీసం ఆలోచిస్తాను అని కూడా లేదు. షష్ఠీ విభక్తి మాత్రం నిక్షేపంగా ఉంది. పుచ్చుకొనే చెయ్యి కనిపిస్తుంది, ఇచ్చే చెయ్యి కనిపించదు.

హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లను ఇంట్లోనే కట్టుకొనే మాబోటివారికి సర్క్యూట్ బోర్డు పెద్ద సమస్య కాదు, దానిని పెట్టే పెట్టెతోనే చిక్కంతా. సబ్బు డబ్బాలో బిగిస్తే ఎంత మంచి శబ్దం వచ్చినా వినేవారికి సబ్బు వాసనే తగులుతుంది. అందుకని పెట్టె ముందుభాగానికి 6061 రకం అల్యూమినియంలో 220 మిల్లీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 8 మందం గల పలకలను చేయించాలని, ఆ పనిని హైదరాబాదు బాలానగర్‌లోని ఒక చిన్న షెడ్డుకు అప్పగించాలని నిర్ణయించాం. 1968లో కేంద్ర ప్రభుత్వపు టూల్ డిజైన్ సంస్థ వెలసిన ఆ పేటలో, మిల్లీమీటరులో వందో వంతు గురించి టీ తాగుతూ వాదించుకొనే మనుషులు ఇప్పటికీ ఉన్నారు. షెడ్డు యజమాని చెప్పిన లెక్కలో దాపరికం లేదు. ప్రోగ్రాం రాసి, బిగింపులు అమర్చి, మొదటి పలకను సరిచూసుకోవడానికి 5,000 రూపాయలు. అది ఒక్క పలకకైనా అంతే, పాతికకైనా అంతే. ఆపైన పలక ఒక్కింటికి లోహం, కోత, స్క్రూ రంధ్రాల్లో మరలు, ఆనొడైజింగు అనే నల్లపొర కలిపి 460. ఒక్కడినే చేయించుకుంటే పన్ను కాక 5,460 అయ్యే పలక, 25 మందిమి కలిస్తే 660కి, 18 శాతం జీఎస్టీతో సహా సుమారు 780కి వస్తుంది. ఉమ్మడి కొనుగోలు అనే మహత్తర వ్యవస్థ యావత్తూ ఈ భాగహారం మీదే నిలబడి ఉంటుంది, భాజకం పారిపోనంత వరకు.

సరిగ్గా 25 మంది ‘నాకూ ఒకటి’ అన్నారు. అన్న మరుక్షణం నుంచి వారందరూ వాటాదారుల హోదాలో చర్చకు కూర్చున్నారు. నలుపా, వెండి రంగా అన్న మీమాంస మూడు వారాలు నడిచింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న పెద్దలు మమ్మల్ని చూసి ఉంటే, ఆ సోమలింగం మెరిసే నలుపా, మెరవని నలుపా అన్న ప్రశ్నను కూడా సామెతలో చేర్చి ఉండేవారు. తరువాత వాల్యూమ్ రంధ్రం దగ్గర ధర్మసంకటం వచ్చింది. నక్షాలో ఉన్న పొటెన్షియోమీటరు, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే తిప్పుడు భాగం, మెడ 7 మిల్లీమీటర్లు. కోఠి గుజరాతీ గల్లీలో ఒకాయన కొని ఉంచుకొన్న దాని మెడ అంతకంటే లావు, పైగా పొట్టి. ఎనిమిది మిల్లీమీటర్ల మందంలోంచి ఆ మెడ ఇవతలికి తొంగిచూడాలంటే పలకను వెనకవైపు గుంటగా తొలిచి పలుచన చేయాలి. ఆయన ఒక్కడి కోసం నక్షా మార్చాం, ప్రోగ్రాం మార్పించాం. ఆయన డబ్బు కట్టలేదు.

డబ్బు పంపవలసిన రోజు రానే వచ్చింది. మూడు వారాలుగా కాకుల గుంపులా ఉన్న చోట చీమ నడిస్తే వినిపించేంత నిశ్శబ్దం ఆవరించింది. తొమ్మిది మంది కట్టారు. భాజకం 25 నుంచి 9కి దిగగానే పలక ధర 780 నుంచి దాదాపు 1,200కి ఎక్కింది. ఎక్కిన ధరను చూసి ‘ముందు ఒక మాట, తరువాత ఒక మాటా?’ అని నా నిజాయితీని శంకించినవారు, దానిని ఎక్కించిన ఆ 16 మందిలోనివారే. అప్పటికే షెడ్డు యజమాని నా మాట మీద 25 ముక్కలూ కోసిపెట్టాడు. తొమ్మిది మందికి చెప్పిన ధరకే ఇచ్చి, తక్కిన 16 పలకల సొమ్ము నేను కట్టి, వాటిని మా మంచం కింద పేర్చాను.

పలకలు సిద్ధమయ్యాయన్న వార్త తెలిసిన ఆదివారం, ఆ 16 మందిలో ఒక పెద్దమనిషి ‘ఒకసారి చూసి తీసుకుంటానండీ’ అంటూ మా ఇంటికి దయచేశారు. సంచిలోంచి కళ్లజోడు, వెర్నియర్ కాలిపర్స్, మల్టీమీటరు వరుసగా తీసి, శవపరీక్షకు వచ్చిన వైద్యుడిలా బల్ల మీద అమర్చుకొన్నారు. పొడవు కొలిచారు, వెడల్పు కొలిచారు, మందాన్ని నాలుగు మూలలా కొలిచారు. తప్పు దొరక్క కొంత నిరాశ చెందారు. చివరకు, కరెంటు పారితే మోగే మల్టీమీటరు తీగలు రెండింటినీ పలక మీద ఆనించి చెవి ఒగ్గారు. మీటరు మోగలేదు. చోటు మార్చి ఆనించారు, అయినా మోగలేదు. ఆయన కళ్లజోడు తీసి, చాలా మృదువుగా, బంధువుకు మరణవార్త చెప్పేవారిలా అన్నారు: “ఏమండీ, మిమ్మల్ని మోసం చేశారు. ఇది అల్యూమినియం కాదు.” ఆనొడైజింగు అంటేనే పైన ఆక్సైడు పొర కట్టించడమని, ఆ పొర కరెంటును పోనివ్వదని, అందుకే ఎర్త్ స్క్రూ కింద దానిని గీకుతారని చెప్పాను. ఆయన నమ్మినట్టు తల ఊపి, పలకను అరచేతిలో ఎగరేసి బరువు అంచనా కట్టి, “పావుకిలో పైచిలుకు ఉంటుందేమో. తుక్కు ధరకు వంద కూడా చేయదు కదండీ, 780 ఎక్కడిది?” అన్నారు.

ఎక్కడిదా? ఒక్కో పలకకు మూడు మిల్లీమీటర్ల స్క్రూ పట్టే ఎం3 మరలు నాలుగు, 25 పలకలకు వంద. రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రంలోకి మర కోసే చేతి పనిముట్టు, ట్యాపు, దించి, కిరసనాయిలు చుక్క వేసి, అర తిప్పు ముందుకు, పావు తిప్పు వెనక్కి, లోపల తెగిన పొట్టు విరిగే దాకా ఆగి మళ్లీ ముందుకు, ఇలా వందసార్లు నిలబడి తిప్పాడు ఆ షెడ్డు కుర్రవాడు. ట్యాపు లోపల విరిగిందంటే అప్పటిదాకా చేసిన పలక అంతా తుక్కే. అప్పుడు వర్తిస్తుంది మీ తుక్కు ధర. మీరు ఇందాకటి నుంచి సుతారంగా నిమురుతున్న ఆ అంచు అతని బొటనవేలు చీరుకొన్న తరువాతే నునుపెక్కింది. కాగితం అడగకుండా, బయానా అడగకుండా, మీ క్రియ లేని వాక్యాన్ని నా నోట విని లోహం కొన్న మనిషికి ఆ నెల కరెంటు బిల్లు క్రియతో సహా వస్తుంది, కట్టవలెను అని. బిగించడానికి మీ దగ్గర యాంప్లిఫయరు ఉన్నదో లేదో కూడా నాకు అనుమానమే. సిగ్గుండాలి.

ఇదంతా పైకి అన్నానా అంటే, అనలేదు. వంటింట్లోంచి చాకు తెచ్చి, పలక వెనక ఎర్త్ స్క్రూ వచ్చే చోట నల్లపొరను రూపాయి బిళ్లలో సగమంత మేర గీకి, తీగలు రెండూ అక్కడ ఆనించి చూపించాను. మీటరు కీమని మోగింది. పెద్దమనిషి ముఖం వికసించింది. పలకను వెలుతురుకు ఎత్తి, గీకిన చోట వేలితో రాసి చూసి, ఆయన అడిగారు:

“గీత పడింది కదండీ. గీత పడినదానికి ఏమైనా తగ్గిస్తారా?”