క్రిస్మస్ చెట్ల రైతుకు పిల్లనిస్తారా?

వ్యవసాయ శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అమెరికాలో కూతురి ఇంట్లో ఆరు నెలలు ఉండడానికి వెళ్లి, నవంబరు చలికి గడప దాటలేక, టీవీలో ఇరవై మూడు క్రిస్మస్ ప్రేమకథలు చూశాను. ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకుందని చెప్పడానికే ఈ లెక్క.

వీటిలో ఎక్కువ భాగం హాల్‌మార్క్ ఛానల్‌వి. 1910లో కాన్సస్ సిటీలో పోస్టుకార్డులు అమ్మడంతో మొదలైన శుభాకాంక్షల కార్డుల కంపెనీ వాళ్ల ఛానల్ అది. కార్డు మీద నాలుగు పంక్తుల్లో అయిపోయే మాటను ప్రకటనలతో కలిపి రెండు గంటలకు సాగదీయవచ్చని వాళ్లు కనిపెట్టారు. 2009 నుంచి క్రిస్మస్‌కు రోజులు లెక్కపెడుతూ ప్రత్యేకంగా ఈ సినిమాలు వేస్తున్నారు. ఒక దశలో ఏడాదికి నలభై దాకా కొత్తవి తీశారు. పండుగ డిసెంబరులో అయితే ప్రసారాలు అక్టోబరులోనే మొదలవుతాయి. అప్పటిదాకా ఆగలేనివారి కోసం జూలైలో ఒక విడత ఉంటుంది. సంక్రాంతికి నాలుగు సినిమాలు వస్తేనే థియేటర్లు చాలడం లేదని తగువులాడుకునే మన నిర్మాతలు అక్కడికి వెళ్లి శిక్షణ పొందాలి.

కథ చెబుతాను. ఒక్కటి చెబితే ఇరవై మూడూ చెప్పినట్టే. మహానగరంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి. చెవి దగ్గర ఫోను, మనసులో క్రిస్మస్ మీద చిరాకు. కంపెనీ పని మీదో, అమ్మమ్మ వదిలి వెళ్లిన ఇల్లు అమ్మడానికో చిన్న ఊరికి వస్తుంది. గళ్ల చొక్కా వేసుకున్న అబ్బాయిని ఢీకొని అతని మీద వేడి చాక్లెట్ ఒలకబోస్తుంది. అతని భార్య ఎప్పుడో పోయి ఉంటుంది. ఎలా పోయిందో అడిగే మనిషి ఆ ఊళ్లో లేడు. ఎనిమిదేళ్ల కూతురు తండ్రికి తానే సంబంధం కుదురుస్తుంది. సవతి తల్లి పేరు వింటేనే కొంగుతో కళ్లొత్తుకునే జాతి మనది, ఆ పిల్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. ఇద్దరూ ముద్దు పెట్టుకోబోయినప్పుడల్లా మేయరో కుక్కో అడ్డం వస్తారు. చివరి రెండు నిమిషాల్లో మంచు పడుతుంది, ముద్దూ పడుతుంది. నాటకానికి అయిదు నుంచి పది అంకాలు ఉండాలని నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పాడు. వీళ్లు ప్రకటనల విరామాలు చూసుకుని తొమ్మిది రాస్తారు. లక్షణ విరుద్ధమని ఏ పండితుడూ వేలెత్తి చూపలేడు.

ఏ పటంలోనూ కనిపించని యూరప్ రాజ్యాల యువరాజులతో తీసినవీ ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. నా శాఖ వేరు.

నా శాఖ సంగతికే వస్తాను. ఇరవై మూడు సినిమాల్లో ఆరింటిలో కథానాయకుడు రైతు. పంట క్రిస్మస్ చెట్లు. ఇంటి హాల్లో నిలబెట్టే ఆరడుగుల చెట్టు ఎదగడానికి సగటున ఏడేళ్లు పడుతుంది, కొన్నిటికి పదిహేనేళ్లు కూడా పట్టవచ్చు. గోపురం ఆకారం రావాలంటే ఏటా కొమ్మలు కత్తిరించాలి. ఏడాది పొడవునా పెట్టుబడి పెట్టి నాలుగు వారాల్లో అమ్ముకోవాలి. డిసెంబరు 26న ఆ చెట్టుకు వంటచెరకు ధర కూడా రాదు. మామిడి అయితే నాటినవాడి మనవడు కూడా కోసుకుంటాడు. ఇది నరికితే సరి, మళ్లీ మొక్క దగ్గర మొదలు. అమెరికాలో ఏటా రెండున్నర నుంచి మూడు కోట్ల దాకా ఇలాంటి నిజం చెట్లు అమ్ముడవుతాయి. ఇంత పెద్ద సాగు చేసే మన కథానాయకుడి చేతిలో కత్తెర ఒక్కసారీ కనిపించలేదు. కూలీలు లేరు, తెగుళ్లు లేవు. అతని పనల్లా కట్టిన చెట్టును అమ్మాయి కారు మీదికి ఎత్తడం.

అప్పు మాత్రం ఉంటుంది. అక్కడ దర్శకుడు వాస్తవికత విడిచిపెట్టలేదు. డిసెంబరు 24లోగా బాకీ కట్టకపోతే పొలం బ్యాంకు పరం. అప్పుడు అమ్మాయి తన మార్కెటింగ్ తెలివంతా ఉపయోగించి దీపాల పండుగ పెట్టిస్తుంది. ఊరంతా వచ్చి అల్లం బిస్కెట్లు కొనుక్కుంటుంది. సాయంత్రానికి అప్పు తీరిపోతుంది. పంట రుణాన్ని బిస్కెట్లతో తీర్చిన రైతును నా ముప్పై రెండేళ్ల సర్వీసులో చూడలేదు. రుణమాఫీ కమిటీల్లో ఉన్నవారు ఈ పద్ధతిని పరిశీలించాలని మనవి.

మంచు గురించి ఒక మాట. ఈ సినిమాలు చాలావరకు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తీస్తారు, అదీ తరచుగా ఎండాకాలంలో. రెండు మూడు వారాల్లో ముగిస్తారు. నేల మీద పరిచింది తెల్లటి దుప్పటి, పైనుంచి రాలేది కాగితం ముక్కలు, కాకుంటే నురుగు. ఉన్ని కోటులో నటుడు చలికి వణుకుతాడు కాని, నోరు తెరిస్తే ఆవిరి రాదు. ఒక సినిమాలో ప్రేమికుల వెనక మేపుల్ చెట్లు నిండా పచ్చటి ఆకులతో ఉన్నాయి. మా ఆవిడ ముద్దు చూసింది, నేను ఆకులు చూశాను.

ఇక అసలు సమస్య. చివరి అంకంలో అమ్మాయికి న్యూయార్క్ నుంచి ఫోను వస్తుంది. ప్రమోషన్. ఆమె ఒక్క క్షణం ఆలోచించి ఉద్యోగం వదిలేసి, రైతు దగ్గరికి పరుగెడుతుంది. మా ఆవిడ ప్రతిసారీ ఏడ్చింది. ఏడుస్తూనే ప్రకటనలు రాగానే ఫోను తీసి, దుగ్గిరాలలో వాళ్ల అన్నయ్యకు సంబంధాల కబుర్లు చెప్పింది. ఆ అన్నయ్య కొడుకుకు అయిదెకరాల పసుపు, డిగ్రీ, ముప్పై నాలుగేళ్లు. పెళ్లి కాలేదు. వచ్చిన ప్రతి సంబంధం వాళ్లదీ ఒకటే మాట: పొలం ఉండాలి, అబ్బాయి మాత్రం పొలంలో ఉండకూడదు.

"టీవీలో రైతుకు పిల్లనిస్తే ఇంత సంతోషించావు, మీ మేనల్లుడికి ఇలాంటి అమ్మాయి దొరకదంటావా?" అన్నాను.

"అది సినిమా అండీ," అంది కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడే ఆఫీసు పని ముగించి వచ్చిన మా అమ్మాయి, తెర మీద రాజీనామా చూసి నిలబడిపోయింది. "ఆవిడ ఇక్కడి పౌరురాలు కాబట్టి సరిపోయింది నాన్నా. హెచ్1బీ మీద ఉండి మానేస్తే, ఇంకో దారి చూసుకోవడానికి అరవై రోజులే. అతని చెట్టు అంగుళం కూడా పెరగదు," అని లోపలికి వెళ్లిపోయింది.

అందువల్ల ప్రభుత్వానికి నా ప్రతిపాదన. మన సినిమాల్లో సిగరెట్ వెలిగించగానే కింద హెచ్చరిక వేసినట్టు, ఈ సినిమాల్లో అమ్మాయి ఉద్యోగం మానేసే ఘట్టంలో "రాజీనామా ఈఎంఐకి హానికరం" అని వేయాలి. తెలుగు తల్లిదండ్రులున్న ఇళ్లలో అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే మంచిది. రెండోది, వీటిని తెలుగులోకి అనువదించి పెళ్లి సంబంధాల కార్యాలయాల్లో వేయాలి. రైతుకు పిల్లను తెచ్చిపెట్టే సినిమాలు ప్రపంచంలో ఇవే మిగిలాయి.

మార్చిలో తిరిగివచ్చాక నా ప్రతిపాదనను నేనే పరీక్షించాను. దుగ్గిరాల వెళ్లి, మా బావమరిది కొడుకుకు గళ్ల చొక్కా తొడిగించి, ఆరబోసిన పసుపు పక్కన నిలబెట్టి ఫోటో తీశాను. నవ్వమంటే సిగ్గుపడ్డాడు, అదీ బాగానే కుదిరింది. తెనాలిలో సంబంధాలు చూసే ఒకావిడకు పంపాను. ఈ కుర్రాడి కోసం ఏడాదిగా ఒక్క కబురూ చేయని మనిషి, పది నిమిషాల్లో ఫోను చేసింది.

"అబ్బాయి చాలా బాగున్నాడండీ. పొలం కెనడాలోనేనా?"